పాత పికప్ కొంటున్నారా? ఛాసిస్ నంబరు మీద అపోహలు, వాస్తవాలు

పాత బండికి లోన్ ఇచ్చే ముందు ఫైనాన్స్ కంపెనీ ఒక మనిషిని పంపి బండి చూపించుకుంటుంది. ఆ చూసే పని నాది. టైర్లు, ఇంజిన్, బాడీ అన్నీ చూస్తాను గానీ, వాటికంటే ముందు వెతికేది ఛాసిస్ నంబరు, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం (ఛాసిస్) మీద కంపెనీ వేసిన గుర్తింపు నంబరు. అది తేలకపోతే మిగతావి ఎంత బాగున్నా రిపోర్టు ముందుకు కదలదు. టాటా 207, బొలెరో పికప్, దోస్త్ లాంటివి పదేళ్లు దాటాక చేతులు మారుతూనే ఉంటాయి. వాటితో పాటు ఈ నంబరు మీద రకరకాల కబుర్లు కూడా. ఎక్కువగా నా చెవిన పడేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఛాసిస్ నంబరున్న ప్లేటు ఊడిపోతే బండికి గుర్తింపు పోయినట్టే

పోదు. బండి మీద నంబరు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కంపెనీవాళ్లు రివెట్లతో బిగించిన చిన్న రేకు ప్లేటు. డోరు తీస్తే పిల్లర్ మీదో, బానెట్ ఎత్తితే లోపలి గోడ మీదో కనిపిస్తుంది. కంపెనీ పేరు, ఛాసిస్ నంబరు, సరుకుతో కలిపి బండి ఎంత బరువు ఉండొచ్చు, ఎప్పుడు తయారైంది లాంటివి దాని మీద ఉంటాయి. ఏయే వివరాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది.

రెండోది ఛాసిస్ ఇనుములోకే దిగగొట్టిన నంబరు. మనవాళ్లు పంచింగ్ అనేది దీన్నే. పికప్‌లలో ఎక్కువగా కుడివైపు లాంగ్ మెంబర్ (ఛాసిస్‌లో పొడవునా ఉండే ఇనుప దూలం) మీద, ముందు చక్రానికి దగ్గర్లో ఉంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 122వది చెప్పేది కూడా ఇదే: గుర్తింపు నంబరు, తయారైన నెల, సంవత్సరం బండి మీద పంచ్ చేసో చెక్కో ఉండాలి. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వంగి చూసేది ఈ పంచింగ్‌నే. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం ఫారం 28 నింపేటప్పుడు కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది నంబరు ప్రింట్ తీసేదీ దీని మీదే.

కాబట్టి పంచింగ్ శుభ్రంగా ఉండి ప్లేటు లేకపోతే నేను రిపోర్టులో 'ప్లేటు లేదు' అని ఒక ముక్క రాసి ముందుకు పోతాను. ప్లేటు తళతళలాడుతూ పంచింగ్ కనిపించకపోతే మాత్రం అక్కడే ఆగిపోతాను. ఇంకో మాట. పదిహేనేళ్ల బండికి కొత్త ప్లేటు ఉంటే దాని రివెట్లు చూడండి. బజార్లో దొరికే పాప్ రివెట్‌కు తల మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. పక్కనున్న కంపెనీ రివెట్లు ఒకలా, ఇవి ఇంకోలా ఉన్నాయంటే ఆ ప్లేటును ఎవరో తీసి మళ్లీ బిగించారని అర్థం. అందులో మోసమే ఉండాలని లేదు. కానీ ఎందుకు తీశారో అడగాల్సిందే.

అపోహ: ప్లేటు మీది నంబరు ఆర్సీతో కలవలేదంటే అది దొంగబండే

ఇది విని చాలామంది మంచి బండ్లు కూడా వదిలేసుకుంటారు. పికప్‌లో క్యాబిన్ వేరు, ఛాసిస్ వేరు. ఎదురుగా గుద్దుకుని క్యాబిన్ నలిగిపోతే, టింకరింగ్ ఖర్చుకు భయపడి ఓనర్లు ఆటోనగర్‌లో పాత క్యాబిన్ కొని ఎక్కించేస్తారు. ఆ క్యాబిన్ తుక్కుకు వెళ్లిన ఇంకో బండిది. దాని ప్లేటు కూడా దానితోనే వచ్చేస్తుంది. అప్పుడు పిల్లర్ మీద ఒక నంబరు, కింద ఛాసిస్ మీద ఇంకో నంబరు!

ఇలాంటి బండి ఎదురైతే ముందు పంచింగ్‌ను ఆర్సీతో పోల్చాలి. అవి రెండూ అక్షరం పొల్లు పోకుండా కలిస్తే, తర్వాత క్యాబిన్ కొన్న బిల్లు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసి ఉంటే ఆ కాగితాలు అడగాలి. అవి ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. ఆ వేరే ప్లేటును మాత్రం మీ చేతులతో పీకకండి. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి, ఆర్టీఏ ఆఫీసులో బండి చూపించి, వాళ్లు చెప్పినట్టు చేయండి. పీకి పారేశాక రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

అపోహ: తుప్పు పట్టిన నంబరును గ్రైండర్‌తో సాపు చేసి మళ్లీ కొట్టించేస్తే సరిపోతుంది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం దీనివల్లే. భీమవరం వైపు రొయ్యలూ చేపలూ తోలిన పికప్ కిందికి ఒకసారి దూరి చూడండి. ఐస్ కరిగిన నీళ్లు బాడీ సందుల్లోంచి ఏళ్ల తరబడి లాంగ్ మెంబర్ మీద కారి ఉంటాయి. ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. నంబరు ఉండాల్సిన చోట ఎర్రటి పెళ్లలు, దాని మీద బురద, ఆ పైన ఎప్పుడో ఎఫ్‌సీకి ముందు హడావిడిగా కొట్టిన నల్ల పెయింటు. ఓనర్‌కు కంగారు, మెకానిక్‌కు తొందర. గ్రైండర్ పెడితే రెండు నిమిషాల పనే. ఆ రెండు నిమిషాల్లో తుప్పుతో పాటు అంకెలూ పోతాయి. మంచి బండి కాస్తా అనుమానపు బండి అవుతుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు నీళ్లతో బురద కడగాలి. ఆరాక గుడ్డకు కిరోసిన్ గానీ డీజిల్ గానీ పట్టించి ఆ చోట కాసేపు వేసి ఉంచితే గ్రీజు మెత్తబడుతుంది. తర్వాత మెత్తటి వైర్ బ్రష్‌తో చేత్తోనే, ఒకే దిశలో, నెమ్మదిగా తోమాలి. ఎమెరీ పేపరు వద్దు, డ్రిల్లుకు తగిలించే బఫింగ్ చక్రం అసలే వద్దు. పొడిగా తుడిచి, సుద్దముక్కను అడ్డంగా పెట్టి రుద్దితే పైభాగం తెల్లబడి గుంటలు నల్లగా మిగులుతాయి. టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి పట్టుకోవాలి. నీడ పడితే పోయిందనుకున్న అంకె కూడా పైకి తేలుతుంది. పల్చటి కాగితం అద్ది పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్ది ప్రింట్ తీసుకోవాలి. చివర్లో పల్చగా గ్రీజు పూసి వదిలేయాలి. మందంగా అండర్‌కోటింగ్ కొట్టిస్తే వచ్చే ఏడాది మళ్లీ ఇదే పాట.

ఇంత చేసినా చదవలేకపోతే అప్పుడు రీ-పంచింగ్ మాట. అది మెకానిక్ షెడ్డులో తేలే విషయం కాదు. ఆర్టీఏకు దరఖాస్తు పెట్టాలి. బండిని ఇన్‌స్పెక్టర్ చూడాలి. ఆ నంబరు మీద కేసులేమీ లేవని పోలీసు వైపు నుంచి తేలాలి. నంబరు ఎక్కడ కొట్టాలో, ఎలా కొట్టాలో చెప్పేది ఆ ఆఫీసే. ఆ అనుమతి కాగితాన్ని ఆర్సీతో పాటు బండి ఉన్నంత కాలం దాచుకోవాలి. నిజాయితీగా కొట్టించుకున్న నంబరైనా, కాగితం లేకపోతే చూసేవాడికి తేడా తెలియదు.

అపోహ: నంబరు అరగదీస్తే ఇక ఎవరూ కనిపెట్టలేరు

పంచ్ దెబ్బ పైన కనిపించే గుంట దగ్గరే ఆగదు. దాని కింద కొంత లోతు వరకు ఇనుము నలిగి, మిగతా చోట్ల కన్నా వేరేగా మారిపోతుంది. పైపొర అరగదీశాక కూడా ఆ నలిగిన భాగం మిగిలే ఉంటుంది. దాని మీద ఫోరెన్సిక్‌వాళ్లు యాసిడ్ కలిసిన ద్రావణం రాస్తారు. నలిగిన చోట ఒక రకంగా, నలగని చోట ఇంకో రకంగా తినేస్తుంది కాబట్టి పాత అంకెలు మెల్లగా బయటపడతాయి. ఎప్పుడూ బయటపడతాయని కాదు, మరీ లోతుగా అరగదీస్తే కష్టమే. కానీ హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటి చోట్ల ఇది మామూలుగా జరిగే పరీక్ష.

ల్యాబ్ దాకా పోకుండానే కంటికి తెలిసేవి కొన్ని ఉన్నాయి. కంపెనీ పంచింగ్‌లో అంకెల అడుగులు దాదాపు ఒకే గీత మీద ఉంటాయి, లోతు ఒకేలా ఉంటుంది. సుత్తితో ఒక్కో అంకె కొట్టిన చోట ఒకటి కిందికి జారుతుంది, ఇంకోటి వాలుతుంది. చుట్టూ ఉన్న ఇనుము గరుకుగా ఉండి నంబరు ఉన్న జానెడు మేర మాత్రం నున్నగా ఉంటే అనుమానించాలి. వేలితో తడిమితే పల్లంలా తగులుతుంది. నంబరుకు అటూ ఇటూ నిలువుగా వెల్డింగ్ కుట్టు కనిపించిందా, ఇక బేరం ఆడకండి. వేరే బండి నంబరు ముక్క కోసుకొచ్చి అతికించి ఉండొచ్చు.

చాలా కంపెనీలు నంబరుకు ముందూ వెనకా చుక్క గుర్తు లాంటిది కొడతాయి. అది నంబరులో భాగం కాదు, ఆర్సీలో ఉండదు. దాన్ని చూసి 'ఒక అక్షరం ఎక్కువైంది' అని గొడవపడినవాళ్లూ ఉన్నారు.

అపోహ: 17 అక్షరాలు లేకపోతే నకిలీ, ఆన్‌లైన్‌లో 'ఇన్‌వాలిడ్' వస్తే నకిలీ

రెండూ తప్పే. ఛాసిస్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే పద్ధతి మన దగ్గర అన్ని బండ్లకూ ఒక్కరోజులో రాలేదు. పాత 207లలో అంతకన్నా తక్కువ అక్షరాల నంబర్లు ఉంటాయి, అవి అసలువే. అమెరికాలో కూడా 17 అక్షరాలు తప్పనిసరి అయింది 1981 మోడల్ నుంచే. అక్కడున్న మనవాళ్లు కొందరు సరదాగా 1970ల నాటి ఫోర్డ్, షెవ్రొలే పికప్‌లు కొంటుంటారు. వాటి నంబరు పొట్టిగా ఉందని కంగారు పడక్కర్లేదు. కానీ ప్లేటు తీసి పాలిష్ పట్టిద్దాం అనుకునే ముందు ఆగాలి. గుర్తింపు నంబరును తెలిసి తీసేయడం, మార్చడం అక్కడ ఫెడరల్ నేరం. రిపేరుకు తప్పనిసరైతే మినహాయింపు ఉంది గానీ, దాని హద్దులు తెలుసుకున్నాకే రివెట్ మీద చెయ్యి వేయాలి.

ఇక 'ఇన్‌వాలిడ్' సంగతి. అమెరికా పద్ధతిలో 9వ స్థానం తనిఖీ అంకె. మిగతా అక్షరాలకు విలువలిచ్చి, స్థానాన్ని బట్టి గుణించి, కూడి, 11తో భాగిస్తే మిగిలే శేషం అక్కడ ఉండాలి. శేషం 10 అయితే ఎక్స్ అక్షరం. మన దేశంలో ఈ లెక్క తప్పనిసరి కాదు. 9వ స్థానాన్ని మన కంపెనీలు తమకు కావలసిన వేరే వివరానికి వాడుకోవచ్చు. అమెరికా బండ్ల కోసం తయారైన వెబ్‌సైట్లో బొలెరో నంబరు కొడితే తప్పని చూపించడంలో వింతేముంది?

సంవత్సరం కోడ్ కూడా ఇలాంటిదే. ఎక్కువ బండ్లలో 10వ అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: 2009కి 9, 2010కి ఏ, 2011కి బీ, అలా. ఐ అక్షరం వాడరు కనుక 2017కి హెచ్ అయితే 2018కి జే. కానీ ప్రతి కంపెనీ ఇదే పాటించదు. 10వ స్థానంలో సున్నా ఉన్న బండ్లూ నేను చూశాను. ఆర్సీలో రాసిన తయారీ నెల, సంవత్సరమే చూడండి. రిజిస్ట్రేషన్ తేదీతో కలపకండి. 2011 చివర్లో తయారై 2012లో రోడ్డెక్కిన బండిని అమ్మేవాళ్లు 2012 మోడల్ అనే చెబుతారు. లోన్ లెక్క మాత్రం 2011 నుంచి మొదలవుతుంది.

అపోహ: ఆర్సీలో ఒక్క అక్షరం తేడా ఉంటే ఏం కాదు

అవుతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున, ఎన్‌ఓసీ రోజున, లోన్ రోజున అవుతుంది. అయితే ఆ తేడా ఎక్కువసార్లు మోసం కాదు, టైపింగ్ తప్పు. చేతిరాత ఆర్సీ పుస్తకాల నుంచి కార్డులకు, కంప్యూటర్లకు ఎక్కించేటప్పుడు సున్నా ఓ అయింది, ఒకటి ఐ అయింది. 17 అక్షరాల నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలే ఉండవు. అందుకే అలాంటి నంబరులో ఓ కనిపిస్తే అది సున్నాయే అని తేలిగ్గా చెప్పొచ్చు. పొట్టి పాత నంబర్లకు ఈ సూత్రం వర్తించదు, పంచింగ్ చూసి తేల్చాల్సిందే. బండి కొన్నప్పటి సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21, దొరికితే దిద్దుబాటు సులువు. బండి మీ పేరు మీదకు మారకముందే, పాత ఓనర్ చేతే దిద్దించండి. డబ్బు చేతికి అందాక ఆయన ఫోన్ ఎత్తకపోవచ్చు.

అపోహ: నంబర్ ప్లేటు మారితే బండి గుర్తింపు మారుతుంది

మారదు. ఏపీ 09 అయినా, టీఎస్ అయినా, టీజీ అయినా అది రిజిస్ట్రేషన్ నంబరు. రాష్ట్రం మారితే మారొచ్చు. ఛాసిస్ నంబరు మారదు. ఇంజిన్ మారిస్తే మాత్రం ఆర్టీఏకు చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవాలి.

అపోహ: తుక్కుకు అమ్మేశాక ఆ బండితో మనకు సంబంధం లేదు

కాటా మీద తూచి డబ్బు చేతిలో పెట్టాడు కదా అని ఓనర్ మరిచిపోతాడు. ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంటుంది. మూణ్నెల్ల పన్ను కట్టే బండి అయితే బాకీ ఆయన పేరునే పెరుగుతుంది. అంతకన్నా ప్రమాదం ఆ నంబరు ముక్క. కేసు లేని, కాగితాలు సరిగ్గా ఉన్న నంబరు దొంగలకు బంగారం. అదే మోడల్ బండిని ఎక్కడో కొట్టేసి, ఈ ముక్కను దానికి అతికిస్తే కాగితాల మీద అది మీ బండే!

మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, బండి ఇక పనికిరాకుండా పోతే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. 2021లో వచ్చిన స్క్రాపింగ్ నిబంధనల ప్రకారం నడిచే కేంద్రానికి బండిని ఇస్తే, అప్పగించినట్టు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. ఛాసిస్ నంబరు ఉన్న ముక్కను కోసి ఆరు నెలల పాటు భద్రంగా ఉంచాల్సిన బాధ్యత ఆ కేంద్రానిదే. ఊళ్లో పాత ఇనుము కొట్టులో ఈ లెక్కాపత్రం ఉండదు. ధర నాలుగు రూపాయలు తక్కువ వచ్చినా రిజిస్టర్డ్ కేంద్రానికే ఇవ్వండి. ఇచ్చే ముందు పంచింగ్‌కు పెన్సిల్ ప్రింట్ ఒకటి, బండి పూర్తిగా కనిపించేలా ఫోటో ఒకటి తీసుకుని, సర్టిఫికెట్‌తో కలిపి ఒకే ఫైల్లో పెట్టండి. రిజిస్ట్రేషన్ రద్దయినట్టు రికార్డులో ఎక్కిందో లేదో కూడా కొన్ని వారాల తర్వాత ఒకసారి చూసుకోండి.