చేయాలనే ఉంది, చెయ్యే కదలదు: అపోహలు – వాస్తవాలు

ఒంగోలులో కౌన్సెలింగ్ చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు పెద్ద కష్టాల గురించే మొదలుపెడతారు. కాసేపయ్యాక గొంతు తగ్గించి అసలు మాట చెబుతారు: "సింకులో గిన్నెలు చూస్తే ఏడుపొస్తోంది మేడం." "బ్యాంకు కాగితం మీద ఒక్క సంతకం, నెల నుంచి పెట్టలేకపోతున్నా." ఇంత చిన్న పని చేయలేకపోతున్నామని చెప్పుకోవడానికి వాళ్ళు పడే సిగ్గు చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. మనుషుల వివరాలు మార్చాను.

అపోహ: ఇదంతా బద్ధకం.

బద్ధకస్తుడికి పని మానేస్తే హాయిగా ఉంటుంది. మీకు మానేసినా హాయి లేదు. పడుకున్నా ఆ పనే తలలో తిరుగుతుంది. తేడా అక్కడే ఉంది.

దర్శి వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. తెల్లవారి నాలుగున్నరకే లేచి వంట చేసి, పిల్లల్ని పంపి, బస్సెక్కి బడికి వెళ్ళే మనిషి. కానీ పరీక్ష పేపర్ల కట్ట బీరువా మీద తొమ్మిది రోజులుగా అలాగే ఉంది. ఆ కట్ట చూడగానే ఏమనిపిస్తుందని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "పిల్లలు సరిగ్గా రాయకపోతే నేను సరిగ్గా చెప్పనట్టేగా" అన్నారు. ఆమె తప్పించుకుంటున్నది పేపర్లనుంచి కాదు, ఆ భయంనుంచి. వాయిదా వేసిన క్షణంలో భయం కాస్త తగ్గుతుంది. ఆ ఊరట కోసమే మనసు మళ్ళీ మళ్ళీ వాయిదా వేస్తుంది. సిరోయిస్, పిచిల్ అనే పరిశోధకులు 2013లో వివరించింది కూడా ఇదే: వాయిదా అనేది టైము చక్కబెట్టుకోలేని సమస్య కన్నా, చేదు భావాన్ని అప్పటికప్పుడు తప్పించుకునే ప్రయత్నం.

ఒంగోలు ఎడ్లతో సేద్యం చేసిన పెద్దవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. కాడి కట్టగానే ఎద్దు మొరాయిస్తే తెలిసిన రైతు ముల్లుగర్ర అందుకోడు. కాడి ఎత్తి, మెడ మీద పుండు పడిందేమో చూస్తాడు.

అపోహ: నన్ను నేను గట్టిగా తిట్టుకుంటే దారిలో పడతాను.

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేసే ఒకాయన, మేత బాకీ గురించి డీలరుకు ఫోన్ చేయాలి. రోజూ రాత్రి "ఛీ, నాదీ ఒక బతుకేనా" అనుకుని పడుకునేవాడు. మొదట ఆ ఫోను వెనక బాకీ భయం ఒక్కటే ఉండేది. తిట్టుకున్న ప్రతి రాత్రీ దాని మీద సిగ్గు ఇంకో పొరగా చేరింది. చివరికి ఫోను మోగినా ఉలిక్కిపడే స్థితికి వచ్చాడు.

కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థుల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్ళు, రెండో పరీక్షకు తక్కువగా వాయిదా వేశారు. క్షమించుకోవడమంటే వదిలేయడం కాదు. "నిన్న చేయలేకపోయాను. ఇవాళ పదింటికి టీ తాగి, గ్లాసు కింద పెట్టగానే చేస్తాను" అనడం. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అని ఇలా ముందే ముడివేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చూపించాయి.

అపోహ: మూడ్ వచ్చాక చేస్తే బాగా వస్తుంది.

చాలాసార్లు మూడ్ పని మొదలుపెట్టాకే వస్తుంది. డిప్రెషన్ చికిత్సలో కూడా మేము మనసు బాగయ్యేదాకా ఆగమని చెప్పం. చిన్న పనితో మొదలుపెట్టిస్తాం.

అపోహ: పని మొదలుపెట్టాలంటే ముందు ఆ భయాన్ని, చిరాకును మనసులోంచి తరిమేయాలి.

నా అనుభవంలో జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తరిమే కొద్దీ అది బలపడుతుంది. ముందు దాంతో కుస్తీ ఆపాలి. పని తలచుకోగానే ఒంట్లో ఎక్కడ పట్టేసినట్టుందో చూడండి. గొంతా, ఛాతీనా, కడుపా? అక్కడ చెయ్యి పెట్టి దానికి ఒక్క మాటలో పేరు పెట్టండి: భయం, విసుగు, సిగ్గు, కోపం. "ఉంటే ఉండనీ" అనుకుని నాలుగు శ్వాసలు తీసుకోండి. అది పోయేదాకా ఆగొద్దు. పనిలో మొదటి కదలిక ఒక్కటే చేయండి. ఆ తర్వాత ఆపేయాలనిపిస్తే నిజంగానే ఆపేయండి. ఆ అనుమతి ఉత్తుత్తిదైతే మనసు పసిగట్టేస్తుంది, రేపు నమ్మదు.

ఆ టీచరమ్మ పేపర్ల కట్ట నా గదికే తెచ్చుకున్నారు. మొదటిరోజు దారం విప్పి, పేపర్లు లెక్కపెట్టి, మళ్ళీ కట్టేశారు. అంతే. మర్నాడు ఇంట్లో రెండు దిద్దారు. ఆరోరోజుకు అన్నీ అయిపోయాయి. "దడ తగ్గలేదు మేడం, దడ ఉండగానే దిద్దాను" అన్నారు.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

లండన్‌లో చేసిన ఒక అధ్యయనంలో అలవాటు కుదురుకోవడానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒక్కరోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు. 22వ రోజున ఓడిపోయానని బాధపడకండి.

అపోహ: మనసు మొరాయించిన ప్రతిసారీ సర్దుకుపోవాలి.

కాదు. ఉతికిన బట్టలు మడతపెట్టాలంటే ఒళ్ళు మండిపోతోందని ఒక కోడలు వచ్చింది. ఆ మంట బట్టల మీద కాదు. ఇంట్లో ఐదుగురుంటే ఆ పని తనొక్కదానిదే ఎందుకయిందని. ఇలాంటి చోట నేను శ్వాస సాధనలు చెప్పను. పని పంచుకోవడం గురించి ఇంట్లో ఎలా మాట్లాడాలో చెబుతాను. ఆమె భర్తను కూడా పిలిపించి మాట్లాడాను. ఇప్పుడు ఎవరి బట్టలు వాళ్ళే మడతపెట్టుకుంటున్నారు.

అపోహ: ఇదంతా మనసులోనే ఉంది.

రక్తహీనత, థైరాయిడ్, చాలని నిద్ర కూడా మనిషిని ఇలాగే కూలేస్తాయి. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, దిగులు, నిద్రలో, ఆకలిలో మార్పు రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. పైన చెప్పినవి దానికి సరిపోవు, డాక్టరును కలవాలి. వెళ్ళడానికి కూడా కాలు కదలకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, ఉచితం. తెలుగులోనే మాట్లాడవచ్చు.