ఆయాసానికి అమ్మానాన్నలే కారణమన్న రోజులు

పిల్లాడు శుభ్రంగా ఆడుకుంటున్నా రోజూ ఇన్‌హేలర్ ఎందుకు? ఉబ్బసం పిల్లలున్న ఇళ్లలో తెగని వాదన ఇది. అలవాటైపోతుందేమోనని పెద్దవాళ్ల టెన్షన్. దీనికి జవాబు తెలియడానికి వైద్యులకే దశాబ్దాలు పట్టింది.

ఉబ్బసంలో శ్వాసనాళాలకు వాపు ఉంటుందని 1892లోనే విలియం ఆస్లర్ అనే వైద్యుడు తన వైద్య గ్రంథంలో రాశాడు. తర్వాతివాళ్లు ఆ మాట వదిలేసి, ఇది నరాల జబ్బు, మనసు జబ్బు అన్నదాన్నే పట్టుకున్నారు. అమెరికాలోని డెన్వర్‌లో ఉబ్బసం పిల్లలను ఉంచుకుని వైద్యం చేసే సంస్థ ఉండేది. దానికి సలహాదారైన డాక్టర్ ముర్రే పెష్కిన్, మందులకు లొంగని పిల్లలను ఇంటికి దూరంగా ఉంచాలనేవాడు. ఆ పద్ధతికి ‘పేరెంటెక్టమీ’ అని పేరు. అపెండిక్స్‌ను తీసేసినట్టు అమ్మానాన్నలను తీసేయడమన్నమాట! చాలామందికి నిజంగానే నెమ్మదించింది. అయితే డెన్వర్ ఎత్తున ఉన్న పొడి ఊరు. పరుపుల్లో చేరే దుమ్ము పురుగులకు అక్కడి గాలి పడదు. ఇంటి దుమ్ములో అసలు దోషి ఆ పురుగేనని నెదర్లాండ్స్ పరిశోధకులు చెప్పింది 1964లో. పాపం, నింద మోసింది తల్లులు.

చిత్రంగా, 1966లో ఆ డెన్వర్ సంస్థ ప్రయోగశాలలోనే పరిశోధకులైన ఇషిజాకా దంపతులు అలర్జీని రేపే ఐజీఈ అనే యాంటీబాడీని గుర్తించారు. పరీక్షలకు తమ వీపులనే వాడుకున్నారు. స్వీడన్‌లో మరో బృందం కూడా వేరే దారిలో దాన్నే చేరింది.

1986లో మాస్‌మన్, కాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు రోగనిరోధక వ్యవస్థను నడిపించే సహాయక టి కణాలు ఎలుకల్లో రెండు రకాలని చూపారు. రెండో రకం కణాలు పంపే సంకేతాలే ఉబ్బసంలో కీలకమని తర్వాత తేలింది. ఆ సంకేతాల్లో ఇంటర్‌ల్యూకిన్-4 ఐజీఈని తయారు చేయిస్తుంది, 5 వాపు తెచ్చే ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలను పెంచుతుంది, 13 కఫాన్ని ఊరిస్తుంది. పిల్లికూతలు ఆగినా ఈ సంకేతాలు ఆగవు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుందే గానీ వాపు జోలికి పోదు. ఆ పని రోజూ ఇన్‌హేలర్‌తో పీల్చే స్టెరాయిడ్‌ది. అది 1972 నాటికే బ్రిటన్‌లో వచ్చింది. అయినా పన్నెండేళ్లు దాటినవాళ్లకు ఉత్త సాల్బుటమాల్‌తో సరిపెట్టొద్దని ఉబ్బసంపై అంతర్జాతీయ ‘గినా’ మార్గదర్శకాలు తేల్చి చెప్పింది 2019లో. మన హైదరాబాద్‌లో మృగశిర కార్తెకు చేపమందు క్యూలు మాత్రం ఇప్పటికీ ఆగలేదు.

అయిదేళ్లలోపు పిల్లికూతలన్నీ ఈ కోవలోకి రావు. జలుబు వైరస్‌లతో వచ్చేవి చాలామందిలో వయసుతో పోతాయి. మిగిలినవాళ్లలో, ఇన్‌హేలర్‌తో కూడా అదుపులోకి రాని కొందరికి ఐజీఈని పట్టి ఆపే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. ఆరేళ్లు నిండిన పిల్లలకు దాన్ని ఇవ్వడానికి అమెరికాలో అనుమతి దొరికింది 2016లో, డెన్వర్‌లో ఐజీఈ దొరికిన యాభై ఏళ్లకు.