తవుడును కంప్యూటర్‌లో జల్లెడ పడితే

వడ్లు ఆడిస్తే బరువులో సుమారు 8 నుంచి 10 శాతం తవుడుగా రాలుతుంది. గోధుమలు పిండి పట్టినప్పుడు పొట్టు, మొక్కజొన్న నుంచి స్టార్చ్ తీశాక గ్లూటెన్ పిండి, బీరు కాచాక బార్లీ పిప్పి మిగులుతాయి. వీటిలో చాలా భాగం పశువుల దాణాలోకే పోతుంది. గింజ తనను కాపాడుకోవడానికి పై పొరల్లో దాచుకున్న యాంటీ ఆక్సిడెంట్లు (ఆక్సిజన్ వల్ల చెడకుండా ఆపే పదార్థాలు) కూడా వాటితోపాటే పోతాయి. ఒక్క తవుడులోనే వందల రసాయనాలుంటాయి. ఒక్కోదాన్ని విడదీసి, శుద్ధి చేసి, పరీక్షించాలంటే ఏళ్లు పడుతుంది. ఏవి పరీక్షించనక్కర్లేదో ముందే చెప్పి ఆ జాబితాను పదికో ఇరవైకో దించడమే ఇక్కడ కంప్యూటర్ చేసే పని. అంతకుమించి ఆశిస్తే తిప్పలు తప్పవు.

అసలు తప్పులు చాలావరకు కంప్యూటర్ ముందు కూర్చోకముందే జరిగిపోతాయి. బియ్యం మర పట్టిన గంటల్లోనే తవుడులోని లైపేజ్ ఎంజైమ్ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. వారం నిల్వ ఉన్న నమూనాలో దొరికే జాబితా చెడిన తవుడుదే. కాబట్టి వెంటనే 100–130 డిగ్రీల వేడికి గురిచేసి ఎంజైమ్‌ను చంపాలి, లేదా గడ్డకట్టించాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. గోధుమ పొట్టులోని ముఖ్య యాంటీ ఆక్సిడెంట్ అయిన ఫెరూలిక్ ఆమ్లంలో 90 శాతానికి పైగా విడిగా ఉండదు, అరబినోజైలాన్ అనే పీచుకు ఎస్టర్ బంధంతో అతుక్కుని ఉంటుంది. మిథనాల్‌లో నానబెట్టి వడకడితే అది పిప్పిలోనే ఉండిపోతుంది. దాన్ని విడిపించాలంటే 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో, నైట్రోజన్ వాయువు కింద, కొన్ని గంటలు ఉంచాలి. తర్వాత పీహెచ్‌ను 2కు దించి ఇథైల్ ఎసిటేట్‌తో లాగాలి. ఈ క్షారంలోనే కెఫీక్ ఆమ్లం లాంటి ఇతర యాంటీ ఆక్సిడెంట్లు ఆక్సీకరణ చెంది మాయమవుతాయి. 1 శాతం ఆస్కార్బిక్ ఆమ్లం, లోహ అయాన్లను పట్టి ఉంచే ఈడీటీఏ 10 మిల్లీమోలార్ కలిపితే చాలావరకు నిలుస్తాయి. ఇవి వేయకపోతే "ఈ పొట్టులో కెఫీక్ ఆమ్లం లేదు" అని జాబితా అబద్ధం చెబుతుంది. కంప్యూటర్ దాన్నే నమ్ముతుంది.

తర్వాత అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమెట్రీ. ఫెరూలిక్ ఆమ్లం రుణ అయాన్ 193.0506 దగ్గర కనిపించాలి. మిలియన్‌కు 5 వంతుల తేడాను ఒప్పుకుంటే ఆ కిటికీ 193.0496 నుంచి 193.0516 దాకా ఉంటుంది. ఇంత సన్నటి కిటికీలో పడినా అది ఫెరూలిక్ ఆమ్లమేనని ఖాయం కాదు, ఎందుకంటే ఐసోఫెరూలిక్ ఆమ్లానికీ అదే ఫార్ములా, అదే బరువు. మిథాక్సీ, హైడ్రాక్సిల్ గుంపులు చోటు మార్చుకున్నాయంతే. డేటాబేస్ రెండు పేర్లూ ఇస్తుంది. శుద్ధమైన ప్రామాణిక పదార్థాన్ని అదే కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) మీద నడిపి, అదీ మన నమూనాలోనిదీ ఒకే నిమిషానికి బయటికొస్తున్నాయో లేదో చూసేదాకా పేరు ఖరారు చేయకూడదు.

పేర్లు తేలాక అసలు లెక్క. ఫినాల్ తరహా యాంటీ ఆక్సిడెంట్ తన హైడ్రోజన్ పరమాణువును ఫ్రీ రాడికల్‌కు (జత లేని ఎలక్ట్రాన్‌తో దూకుడుగా ఉండే అణువుకు) ఇచ్చి దాన్ని శాంతింపజేస్తుంది. ఆ హైడ్రోజన్ ఎంత తేలిగ్గా ఊడుతుందో చెప్పేదే బంధ విచ్ఛేదన ఎంథాల్పీ. మామూలు ఫినాల్‌కు ఇది మోల్‌కు సుమారు 87 కిలోకాలరీలు, విటమిన్ ఇ రూపమైన ఆల్ఫా టోకోఫెరాల్‌కు 77–78. నూనె చెడేటప్పుడు పుట్టే పెరాక్సిల్ రాడికల్ హైడ్రోజన్‌ను అందుకుంటే ఏర్పడే బంధం బలం దాదాపు 88. అంటే 88 కన్నా ఎంత కిందికి ఉంటే అణువు అంత సులువుగా హైడ్రోజన్‌ను వదులుతుంది.

అణువుల శక్తిని కంప్యూటర్‌లో లెక్కగట్టే డెన్సిటీ ఫంక్షనల్ థియరీతో ఈ లెక్క చేయడానికి మూడు ముక్కలు చాలు: మూల అణువు, హైడ్రోజన్ పోయిన రాడికల్, విడి హైడ్రోజన్. చివరి రెండింటి ఎంథాల్పీల మొత్తంలోంచి మొదటిదాన్ని తీసేయాలి. చూడ్డానికి బడిపిల్లల లెక్కే, కానీ చాలామంది జారిపడేది ఇక్కడే. ఫెరూలిక్ ఆమ్లంలో హైడ్రాక్సిల్ హైడ్రోజన్ పక్కనున్న మిథాక్సీ ఆక్సిజన్ వైపు తిరిగి దానితో హైడ్రోజన్ బంధం కట్టుకుంటుంది. గీసిన బొమ్మలో అది మిథాక్సీకి ఎదురుదిక్కుకు తిరిగి ఉంటే ఆ బంధం లెక్కలోకి రాదు. జవాబు 3–4 కిలోకాలరీలు తక్కువగా వచ్చి, అణువు ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. రాడికల్‌లో జత లేని ఎలక్ట్రాన్ ఒక్కటే ఉందని సరిచూసే స్పిన్ వర్గం (S²) విలువ 0.75 దగ్గరే ఉందో లేదో కూడా చూడాలి. అది బాగా పైకి పోతే ఆ శక్తిని నమ్మక్కర్లేదు. ఇక నీరు, మిథనాల్ లాంటి ద్రావకాల్లో ముందు ప్రోటాన్ పోయి తర్వాత ఎలక్ట్రాన్ పోయే దారి ముందుకొస్తుంది. వాయు స్థితిలో చేసిన లెక్కను అక్కడికి తెస్తే ఏ అణువు మేలో చెప్పే వరుస తారుమారవుతుంది.

ఇప్పుడు డాకింగ్, అంటే అణువు ఒక ప్రోటీన్ గుంటలో (జేబులో) ఎంత బాగా ఇముడుతుందో కంప్యూటర్‌లో చూడటం. ఈ మధ్య ఏ వ్యాసం తీసినా ఇదే. కీప్-1 అనే ప్రోటీన్ ఎన్‌ఆర్‌ఎఫ్-2 అనే మరో ప్రోటీన్‌ను పట్టి ఉంచుతుంది. ఆ పట్టు సడలితే ఎన్‌ఆర్‌ఎఫ్-2 కేంద్రకంలోకి వెళ్లి కణం సొంత రక్షణ ఎంజైములను తయారు చేయిస్తుంది. అందుకని కీప్-1 జేబులో మన అణువును కూర్చోబెట్టి స్కోరు చూస్తారు; అది ఎంత రుణంగా ఉంటే పట్టు అంత గట్టిదని అంచనా. ఆలోచన బాగానే ఉంది. కానీ ఆటోడాక్ వీనా అనే డాకింగ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవారే తమ అంచనాల్లో ప్రామాణిక దోషం 2.85 కిలోకాలరీలని చెప్పారు. అలాంటప్పుడు −7.1 వచ్చినదానికన్నా −7.6 వచ్చినది మేలనడం బస్తాలు తూచే కాటా మీద బంగారం తూచినట్టే.

పైగా స్కోరు అణువు సైజుతో పాటు పెరుగుతుంది. తవుడు నూనెలోని గామా ఒరైజనాల్‌లో ఒక ముఖ్య అణువు సైక్లోఆర్టెనిల్ ఫెరులేట్. హైడ్రోజన్లు కాక 44 పరమాణువులు. ఫెరూలిక్ ఆమ్లానికి 14. స్కోరులో పెద్దదే గెలుస్తుంది, అయితే హైడ్రోజన్‌ను ఇచ్చే చోటు రెండింటిలోనూ ఒకటే. ఇంకో మాట: కీప్-1 జేబు నిండా ఆర్జినిన్‌లున్నాయి, అవి ధనావేశంతో ఉంటాయి. ఫెరూలిక్ ఆమ్లం పీకేఏ (సగం అణువులు ప్రోటాన్‌ను వదిలేసే పీహెచ్) సుమారు 4.5, కాబట్టి శరీరపు 7.4 పీహెచ్ దగ్గర అది రుణావేశంతో ఉంటుంది. డేటాబేస్ నుంచి దించుకున్న బొమ్మ తటస్థంగా ఉంటుంది. దాన్ని మార్చకుండా పెడితే ముఖ్యమైన ఆకర్షణే లెక్కలో ఉండదు. అసలు మొక్కల ఫినాల్స్‌లో కొన్ని క్వినోన్ అనే ఆక్సీకరణ చెందిన రూపంలోకి మారి, కీప్-1లోని 151వ స్థానపు సిస్టీన్‌తో రసాయన బంధం కట్టి పనిచేస్తాయి. మామూలు డాకింగ్‌కు అది కనిపించదు.

ప్రోటీన్ల చిన్న ముక్కలు (పెప్టైడ్లు) కూడా యాంటీ ఆక్సిడెంట్లుగా పనిచేయగలవు, వాటి వేటలో కంప్యూటర్ మరింత అక్కరకొస్తుంది. ప్రోటీన్ వరుసను తీసుకుని, ఎంజైమ్ ఎక్కడ కోస్తుందో నియమం ప్రకారం కోసి, ఏ పెప్టైడ్లు వస్తాయో చూస్తారు. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత కోస్తుంది, వాటి వెనక ప్రోలిన్ ఉంటే సాధారణంగా కోయదు. మొక్కజొన్నలోని జీన్ (zein, జన్యువు కాదు) అనే ప్రోటీన్‌లో లైసిన్ దాదాపు లేనే లేదు. ట్రిప్సిన్‌తో కోస్తే పొడుగాటి దుంగలే మిగులుతాయి. కొన్ని రోజుల ప్రయోగం ఇలా అయిదు నిమిషాల్లో మానుకోవచ్చు. థర్మోలైసిన్, ఆల్కలేజ్ లాంటివైతే నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాల దగ్గర కోస్తాయి, జీన్‌లో వాటికి కొదవలేదు. వచ్చిన ముక్కల్లో టైరోసిన్, ట్రిప్టోఫాన్, హిస్టిడిన్, సిస్టీన్ ఉన్నవాటిని ఏరుకోవాలి. తెరమీద కోత నూటికి నూరు శాతం జరుగుతుంది, బీకరులో జరగదు.

మెషిన్ లెర్నింగ్ నమూనాలకు పెద్ద లోటు డేటాయే. డీపీపీహెచ్ పరీక్షలో (రంగున్న ఒక రాడికల్ యాంటీ ఆక్సిడెంట్ వల్ల ఎంత వెలిసిపోతుందో కొలవడంలో) ఒక ల్యాబు 30 నిమిషాలు, మరోటి 60 నిమిషాలు ఆగుతుంది, గాఢతలూ వేరు. ఆ విలువలన్నీ ఒకే పట్టికలో కలిపి నేర్పితే నమూనా నేర్చుకునేది ల్యాబుల అలవాట్లనే.

వడపోత అయ్యాక మిగిలినవాటిని పరీక్షించేటప్పుడు రంగుతో జాగ్రత్త. డీపీపీహెచ్‌ను 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. నల్ల బియ్యపు తవుడులోని సయనిడిన్ గ్లూకోసైడ్ అనే రంగు పదార్థం కూడా ఆమ్ల ద్రావణంలో దాదాపు అక్కడే కాంతిని పీల్చుకుంటుంది. డీపీపీహెచ్ లేకుండా సారాన్ని ఒక్కదాన్నే కొలిచి తీసేయాలి, లేదా 734 నానోమీటర్ల దగ్గర కొలిచే, అలాంటిదే అయిన ఏబీటీఎస్ పరీక్షకు మారాలి. పరీక్షనాళికలో వచ్చిన విలువ శరీరంలో ఏం జరుగుతుందో చెప్పదు, కాబట్టి ఈ అంకెలతో ఆరోగ్యం గురించి మాట్లాడకపోవడం మంచిది. అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల యాంటీ ఆక్సిడెంట్ శక్తిని చూపే తన ఓరాక్ పట్టికను 2012లో వెనక్కి తీసుకున్నది ఇందుకే. నూనె చెడకుండా ఆపుతుందా అన్న ప్రశ్నకైతే సూటిగా పరీక్ష ఉంది: సారం కలిపిన నూనె, 0.02 శాతం బీహెచ్‌టీ అనే కృత్రిమ యాంటీ ఆక్సిడెంట్ కలిపిన నూనె, ఏమీ కలపని నూనె, మూడింటినీ 63 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, కొన్ని రోజులకోసారి తీసి, నూనె ఎంత చెడిందో చెప్పే పెరాక్సైడ్ విలువ చూడాలి.