లాస్ ఏంజెలెస్ లాటినోల గొడవకు మూలం 1994లో

2025 జూన్ 6న లాస్ ఏంజెలెస్‌లోని బట్టల వ్యాపార ప్రాంతంలో ఇమిగ్రేషన్ అధికారులు దాడులు చేశారు. జనం వీధుల్లోకి రాగానే రాష్ట్ర గవర్నర్ వద్దంటున్నా వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం నేషనల్ గార్డ్ అనే సైనిక దళాన్ని దింపింది. జాతి, మాట్లాడే భాష, చేసే పని, నిలబడిన చోటు, వీటిని మాత్రమే చూసి మనుషులను ఆపకూడదని జులైలో ఒక ఫెడరల్ జడ్జి ఆదేశిస్తే, సెప్టెంబర్ 8న సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. నగర జనాభాలో దాదాపు సగం లాటినోలే, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లే. కాలిఫోర్నియా రాష్ట్రంలోనూ 2020 లెక్కల ప్రకారం 39 శాతంతో అందరికంటే పెద్ద వర్గం వాళ్లదే.

కాలిఫోర్నియా మెక్సికో పాలనలో ఉన్ననాటి సంగతులు చాలామందికి తెలిసినవే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 1994 చూస్తే చాలు.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక విమాన, రక్షణ పరిశ్రమల్లో ఉద్యోగాలు పోయి రాష్ట్రం మాంద్యంలో ఉంది. సర్వేల్లో బాగా వెనకబడిన రిపబ్లికన్ గవర్నర్ పీట్ విల్సన్ మళ్లీ గెలవడానికి, జనం నేరుగా ఓటేసే ప్రతిపాదన 187 పట్టుకున్నారు. చట్టబద్ధమైన కాగితాలు లేని వలసదారులకు, వాళ్ల పిల్లలకు ప్రభుత్వ బడి వద్దు, అత్యవసరం కాని వైద్యం వద్దు అన్నది దాని సారం. అనుమానం వస్తే టీచర్లు, ఆసుపత్రి సిబ్బంది కూడా అధికారులకు చెప్పాలి. సరిహద్దు కాపలా కేంద్రం బాధ్యత, దాని ఖర్చు మా నెత్తిన పడుతోందని విల్సన్ వాదన. అయితే ఆయన టీవీ ప్రకటనలో కనిపించింది లెక్కలు కాదు, సరిహద్దు దాటి పరిగెత్తే మనుషులు. వెనక నుంచి గొంతు: ‘వాళ్లు వస్తూనే ఉన్నారు’.

ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ అక్టోబర్ 16న లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో వేలాది మంది ఊరేగారు. మెక్సికో జెండాలు టీవీల్లో కనబడటం నష్టం చేసిందని తర్వాత సొంత శిబిరంలోనే గొణుక్కున్నారు. హైస్కూలు పిల్లలు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. నవంబర్‌లో ప్రతిపాదన 59 శాతం ఓట్లతో గెలిచింది, విల్సన్ కూడా గెలిచారు. కోర్టులు దాన్ని అమలు కానివ్వలేదు. 1999లో కొత్త గవర్నర్ అప్పీలు వదిలేయడంతో కేసు ముగిసింది.

కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. అధ్యక్షుడు రీగన్ 1986లో సంతకం చేసిన చట్టంతో కాగితాలు లేని దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధ నివాసం దక్కింది. అందులో సగానికి పైగా కాలిఫోర్నియా వాళ్లే. సరిగ్గా 1994 ప్రాంతంలో వాళ్లకు పౌరసత్వ అర్హత రావడం మొదలైంది. అప్పటిదాకా అంత తొందర లేనివాళ్లు భయంతో దరఖాస్తులు పెట్టి, ఓటర్లయ్యారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలో రిపబ్లికన్లు పతనమవడానికి ఇదొక్కటే కారణం కాదని, రక్షణ ఉద్యోగాలు పోయిన తెల్లవాళ్లు రాష్ట్రం వదిలిపోవడం కూడా కారణమేనని కొందరంటారు. అందులోనూ నిజముంది. అయినా, 1994లోనే ఎంఐటీలో ఇంజినీరింగ్ పూర్తి చేసిన వంటవాడి కొడుకు అలెక్స్ పడియా తనను రాజకీయాల్లోకి తెచ్చింది 187 అని చెబుతారు. ఆయన ఇప్పుడు సెనేటర్. 2025 జూన్‌లో హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి ప్రెస్‌మీట్‌లో ప్రశ్న అడగబోతే కింద పడేసి బేడీలు వేశారు.

187 వ్యతిరేక ఉద్యమం నుంచి వచ్చిన మరొకరు కెవిన్ డి లియోన్. స్థానిక పోలీసులు ఇమిగ్రేషన్ వాళ్లకు చాలావరకు సహకరించకుండా చేసిన 2017 నాటి ఎస్‌బీ 54 చట్టం ఆయనదే. అదే మనిషి 2022లో బయటికొచ్చిన రహస్య టేపులో వినిపించారు. వార్డుల హద్దులు గీసుకోవడంపై లాటినో నేతలు మాట్లాడుకుంటూ నల్లవాళ్లను అవమానించారు. లాస్ ఏంజెలెస్ సిటీ కౌన్సిల్‌లోని 15 సీట్లలో అప్పటికి లాటినోలవి నాలుగే అన్న కడుపుమంట అబద్ధం కాదు, కానీ ఆ మాటలకు అది సాకు కాదు. కౌన్సిల్ అధ్యక్షురాలు రాజీనామా చేశారు. కౌన్సిల్ సభ్యుడైన డి లియోన్ కుర్చీ వదల్లేదు, 2024లో ఓడిపోయారు.

ఆయన చట్టం మాత్రం నిలబడింది. 2020లో సుప్రీంకోర్టు దానిపై కేసు వినడానికి ఒప్పుకోలేదు. జైళ్ల నుంచి మనుషులను అప్పగించే దారి అలా ఇరుకైంది కాబట్టే తమ అధికారులు వీధుల్లోకి రావాల్సి వస్తోందని వాషింగ్టన్ అంటోంది.