బసది కింద లంకెబిందెలు లేవు: జైన శిథిలాల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన ఎండాకాలం ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ వచ్చింది. పాత కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె నుంచి ఒకావిడ. "సార్, మీరు రాళ్ళ మీది రాతలు సదువుతరట గదా. వాట్సాప్‌ల ఫొటో పెట్టిన. ఏ దిక్కున తవ్వాల్నో దాంట్ల రాసి ఉన్నదా? ఉంటే ఉన్నదనుండ్రి, లేకుంటే లేదనుండ్రి. మా ఆయన రెండు నెలల సంది పనికి పోతలేడు."

ఫొటో చూశాను. నల్లరాతి పీఠం, మధ్యలో చిన్న సింహం, అంచు మీద మూడు పంక్తుల రాత. మహావీరుడి పీఠం. ఒక పక్క విరిగి ఉంది. విరిగిన చోట రాయి ఇంకా తెల్లగా మెరుస్తోంది, అంటే దెబ్బ కొత్తది. పైన విగ్రహం లేదు.

"అమ్మా, ఇందులో దిక్కూ లేదు, లెక్కా లేదు. గుడికి ఎవరో దానం ఇచ్చినట్టుంది, అంతే" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మూడు లచ్చలు ఇచ్చినం సార్" అంది. అంజనం వేసి చూపించినవాడికి. అప్పు తెచ్చి.

శాసనాలకు ఎస్టాంపేజీలు (రాతి మీది రాతను తడి కాగితం మీదికి దింపిన అచ్చులు) తీయడం, చదవడం ఇరవై ఏళ్ళుగా నా పని. ఇలాంటి ఫోన్లు ఏడాదికి నాలుగైదు వస్తాయి. మనిషి మారతాడు, ప్రశ్న మారదు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను, అడిగినవాళ్ళకు పంపించడానికైనా పనికొస్తుంది.

అపోహ: జైనులు కోటీశ్వరులైన వర్తకులు. శైవులు తరిమితే రాత్రికి రాత్రే పారిపోయారు. మోయలేని బంగారాన్ని విగ్రహాల కింద పాతిపెట్టారు.

ఈ కథలో కొంత నిజం ఉంది. చిక్కంతా అక్కడే. నిజం ముక్క ఒకటి కనిపించేసరికి మిగతా అబద్ధమంతా నమ్మబుద్ధవుతుంది. వర్తకులు జైనాన్ని ఆదరించిన మాట నిజం. హింస జరిగిన మాటా నిజం. శ్రీశైలంలో 1512 నాటి శాసనం ఒకటి ఉంది. లింగడనే శైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరకడాన్ని తన పుణ్యకార్యాల్లో ఒకటిగా రాతిలో చెక్కించుకున్నాడు. ఎవరో గిట్టనివాళ్ళు వేసిన నింద కాదది, ఆయన చెప్పుకున్న గొప్ప.

మరి "రాత్రికి రాత్రే" అన్నది ఎక్కడి నుంచి వచ్చింది? తేదీలు వరసగా పెట్టి చూడండి. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద కడలాలయ బసదిని, అంటే జైన గుడిని, కట్టించింది మైలమ, కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య. అది 1117. తర్వాత కాకతీయులు శైవానికి మళ్ళారు. 1368లో కర్ణాటకలోని శ్రవణబెళగొళలో విజయనగర రాజు బుక్కరాయలు వేయించిన శాసనం చూస్తే, వైష్ణవ భక్తులు మాకు అన్యాయం చేస్తున్నారని జైనులు ఆయన దగ్గర మొర పెట్టుకున్నారు. రాజు జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ తేడా లేదన్నాడు. అంతటితో వదల్లేదు. జైనుల ఇళ్ళ నుంచి ఇంటికి ఏడాదికో హణం (అప్పటి నాణెం) చొప్పున వసూలు చేయాలి. ఆ డబ్బుతో తిరుమల తాతయ్య బెళగొళ దేవుడికి ఇరవై మంది కాపలావాళ్ళను పెట్టాలి. మిగిలింది పాడుబడ్డ జినాలయాలకు సున్నం కొట్టించడానికి వాడాలి. తిరుమల వైష్ణవుడు జైన దేవుడికి కాపలా పెట్టించే ఏర్పాటు ఇది! 1385లో అదే విజయనగరంలో, అంటే ఇప్పటి హంపీలో, రెండో హరిహరరాయల సేనాని ఇరుగప్ప కుంథునాథుడనే తీర్థంకరుడికి రాతి గుడి కట్టించాడు. ఇప్పుడు దాన్నే గానిగిత్తి గుడి, అంటే గానుగామె గుడి, అంటున్నారు. శ్రీశైలం శాసనం ఆ తర్వాత నూట పాతికేళ్ళకు వచ్చింది.

1117 నుంచి 1512 దాకా దాదాపు నాలుగు వందల ఏళ్ళు. ఒక ఊళ్ళో కొట్టారు, ఒక ఊళ్ళో రాజీ పడ్డారు, ఇంకో ఊళ్ళో కొత్త గుడే కట్టారు. ఎక్కువ చోట్ల ఏ గొడవా లేకుండానే బసది పాడుబడింది. రాజు శివదీక్ష తీసుకుంటే కొత్త మాన్యాలు రావు. ఉన్న మాన్యం ఇంకొకరి చేతికి పోతుంది. పూజారి పొట్ట చేతపట్టుకుని వేరే ఊరు పోతాడు. వర్తకుల మనవలు లింగం కట్టుకుంటారు. పైకప్పు ఏదో ఒక వానాకాలం కూలుతుంది. ఇలా తరాల తరబడి వాడిపోయిన చోట మూటలు కట్టి పాతిపెట్టాల్సిన తొందర ఎవరికి వచ్చింది?

ఇక బంగారం సంగతి. బసదికి డబ్బున్నవాళ్ళు ఏం ఇచ్చారో రాసే పెట్టారు, మనం ఊహించుకోనక్కర్లేదు. కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గర కుర్క్యాల బొమ్మలగుట్ట శాసనం తెలుగు కంద పద్యాల కోసం అందరికీ తెలుసు. పదో శతాబ్దపు ఆ శాసనం వేయించినవాడు కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు. తెలుగు, కన్నడం, సంస్కృతం మూడింటిలోనూ రాయించాడు. ఆ పద్యంలో ఆయన చెప్పుకున్నదేమిటి? జినభవనాలు ఎత్తించడం, జినపూజలు చేయడం, జినమునులకు అన్నం పెట్టడం. వీటిలో నన్ను పోలినవాళ్ళున్నారా అంటాడు. అంటే డబ్బు రాళ్ళకు, పూలకు, అన్నానికి పోయింది. గుట్ట మీద చక్రేశ్వరి అనే జైన దేవతను, తీర్థంకరులను చెక్కించిన కూలి కూడా అందులోదే. వేములవాడలో చాళుక్య రాజు బద్దెగ శుభధామ జినాలయం కట్టించి జైన ఆచార్యుడు సోమదేవసూరికి అప్పగించాడు. 966లో దానికి మూడో అరికేసరి ఇచ్చిన దానం ఒక ఊరు. ఊరిని బిందెలో పెట్టి పాతలేం కదా.

మాన్యం మీద పంట వస్తేనే గుడికి కూడు. పంట ఆగిన రోజు గుడి పస్తు. నేను చదివిన బసది శాసనాల్లో కనబడేది భూమి, తోట, గానుగ, దీపానికి నూనె, అంగడి పన్నులో వాటా.

పీఠం కింద అసలు ఏమీ ఉండదా అని అడుగుతారు. ఉంటుంది. ప్రతిష్ఠ చేసేటప్పుడు చిన్న గుంటలో ధాన్యం, లోహపు ముక్కలు, చిన్నపాటి రాళ్ళు వేసే ఆచారం మన గుళ్ళన్నింట్లోనూ ఉన్నదే. పిడికెడు సరుకు. మంత్రగాడు కోయించిన కోడి ఖరీదుకు కూడా సరిపోదు.

అన్నిటికన్నా కడుపు మండేది వేరే ఉంది. గుర్తులు చదవడం రాకపోవడం వల్ల రాళ్ళు పగులుతున్నాయి.

పార్శ్వనాథుడి తల మీద ఏడు పడగల పాము ఉంటుంది. తపస్సులో ఉన్న స్వామి మీద కమఠుడు పూర్వజన్మ పగతో గాలివాన కురిపిస్తే, ధరణేంద్రుడు పడగలు పట్టి కాపాడిన కథ అది. గొడుగు లాంటి పాము. దాన్ని చూసి మనవాళ్ళు "నాగబంధం ఉంది, అంటే కింద నిధి ఉంది" అంటారు. ఒకచోట పడగలను ఒక్కొక్కటిగా సుత్తితో రాలగొట్టేశారు, బంధం విప్పుతున్నామనుకుని! నేను వెళ్ళేసరికి ఏడో పడగ ఒక్కటే మిగిలింది.

దానశాసనం పైన సూర్యుడు, చంద్రుడు, ఆవూదూడ బొమ్మలు ఉంటాయి. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ దానం నిలవాలని అర్థం. మన తవ్వకందార్లకు అదొక మ్యాపు. సూర్యుడు తూర్పట, చంద్రుడు పడమట, ఆవు మొహం ఎటుంటే అటు పది అడుగులు. నవ్వు వస్తుంది గానీ, ఆ పది అడుగుల దూరంలో జేసీబీ పెట్టి మానస్తంభం (జైన గుడి ముందుండే రాతి స్తంభం) కూల్చిన చోటు నేను కళ్ళారా చూశాను. బొడ్డులో వజ్రం ఉంటుందని నిలబడి ధ్యానం చేసే నిలువెత్తు కాయోత్సర్గ విగ్రహాల పొట్టలు తొలిచేశారు. రాతి పొట్టలో రాయే ఉంటుంది.

ఈ శాసనాల చివర ఏముంటుందో తెలుసా? తాను ఇచ్చినదైనా, పరులు ఇచ్చినదైనా, దానభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని. నిధి రహస్యం అనుకుని డబ్బిచ్చి చదివించుకునేది ఆ తిట్టునే. ఒకాయనకు నేను చదివి వినిపిస్తే మొహం మాడ్చుకుని, "కోడ్ భాషలో ఉంటది సార్, మీకు తెల్వదు" అన్నాడు. ఇక ఏం చెప్పను?

చట్టం సంగతి కూడా వినండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. దాస్తే ఏడాది దాకా జైలు. కేంద్ర రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అంజనం వేసినవాడు ఆ పూటకు పక్క జిల్లాలో ఉంటాడు. గడ్డపారతో దొరికేది మీ ఇంటాయనే.

అపోహ: పొలంలో విగ్రహం దొరికితే ప్రభుత్వం పొలం లాక్కుంటుంది.

ఈ భయానికి నేను నవ్వను. ఎకరంన్నర ఉన్నవాడికి టెన్షన్ ఉండదా? నాగలికి తగిలిన తీర్థంకరుణ్ణి రాత్రి పూట పాడుబావిలో తోసేసిన రైతు ఒకాయన ఆరేళ్ళ తర్వాత నా దగ్గర కంటనీరు పెట్టుకున్నాడు, పాపం చుట్టుకుందేమోనని. విగ్రహం దొరికినంత మాత్రాన పొలం పోదు. వంద మీటర్ల లోపు కట్టొద్దు, తవ్వొద్దు అన్న నిబంధన కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట్ల చుట్టూ వర్తిస్తుంది. ఆ ప్రకటన ఒక్క విగ్రహం దొరికిందని రాత్రికి రాత్రి వచ్చేది కాదు. తహసీల్దారుకు ఒక కాగితం రాసిచ్చి, రసీదు తీసుకుని, విగ్రహాన్ని కదపకుండా నాలుగు ఫొటోలు తీసి ఉంచుకోండి. చాలు.

మిగతావి గబగబా.

కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళంతా బుద్ధుళ్ళు కాదు. ఒంటి మీద బట్ట అంచు గీత ఉందా చూడండి, ఉంటే బుద్ధుడు. తల మీద మూడు గొడుగులు, రొమ్ము మీద శ్రీవత్సం అనే గుర్తు, పీఠం మీద ఆ తీర్థంకరుడి గుర్తైన జంతువు ఉంటే జినుడే. దిగంబరంగా నిలబడి చేతులు మోకాళ్ళ దాకా వదిలేస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

మెట్లు మెట్లుగా పిరమిడ్‌లా పైకప్పు ఉంటే జైన గుడి అనేది ఇంకొకటి. గైడ్లు హంపీ హేమకూటం మీద ఇప్పటికీ ఇదే చెబుతారు. అక్కడి మూడు గర్భగుళ్ళ గుడిలో కంపిలదేవుడు మూడు శివలింగాలు ప్రతిష్ఠించిన శాసనం ఉంది. పైకప్పు రీతి ఆ కాలపు శిల్పులది, మతానిది కాదు. అదే శిల్పి నిన్న శివుడికి, ఇవాళ జినుడికి కట్టేవాడు. గుడి ఎవరిదో తేలాలంటే ద్వారం పైన నడిమధ్య చెక్కిన బొమ్మ (లలాటబింబం), పీఠం, శాసనం చూడాలి. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లి గొల్లత్తగుడి అయితే ఇటుకల శిఖరం, అది జైనానిదే. పేరేమో గొల్లామెది! అటు హంపీలో గానుగామెది. అసలు కట్టించినవాళ్ళను ఊరు మరిచిపోయాక గుడికి ఎవరో ఒక ఆడమనిషి పేరు అంటుకోవడం నాకెప్పుడూ వింతే.

ఈ గుళ్ళను దానవులు కట్టారన్న మాట కూడా వదిలేయండి. జమ్మలమడుగు వైపు పెన్నా ఒడ్డున దానవులపాడు ఉంది. 1903లో పురావస్తు శాఖ తవ్వితే ఇసుక కింద జైన ఆలయం బయటపడింది. అక్కడి ఒక రాతి పీఠం రాష్ట్రకూట చక్రవర్తి మూడో ఇంద్రుడు (నిత్యవర్షుడన్నా ఆయనే) చేయించింది. పీఠం మీద చెప్పింది శాంతినాథుడి అభిషేకం కోసం చేయించానని. చక్రవర్తి పీఠం మీదే నిధి మాట లేదు, పల్లెటూరి బసదిలో ఉంటుందా?

జైనం ఇక్కడ అంతరించిందనేది కూడా సగం మాటే. కొలనుపాకలో పూజ ఇవాళ్టికీ జరుగుతోంది. పద్మాక్షి గుట్ట కింద గుండంలో ఏటా బతుకమ్మలు వదులుతున్నారు. పైన తీర్థంకరుల మధ్య ఉన్న అమ్మవారికే వాళ్ళు దండం పెట్టేది.

ఆ ఫోన్ చేసినావిడ సంగతి. నెల తిరక్కముందే ఆవిడ భర్తను, ఇంకో ముగ్గుర్ని పట్టుకున్నారు. అంజనం మనిషి దొరకలేదు. ఆయన బెయిల్ మీద వచ్చాక ఆవిడే మళ్ళీ ఫోన్ చేసి, "ఆ రాయి ఠాణాల పెట్టిన్రు సార్, మీరొచ్చి సదువుకుంటరేమో" అంది. అనుమతి తీసుకుని వెళ్ళాను. సీజ్ చేసిన బైకుల మధ్య, చింతచెట్టు కింద ఉంది పీఠం. కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్దుతుంటే ఒక కానిస్టేబుల్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. మొదటి పంక్తి సంవత్సరం, తిథి. రెండో పంక్తిలో నందాదీపానికి, అంటే ఆరకుండా వెలిగే దీపానికి, ఒక గానుగ. మూడో పంక్తి ఆ గానుగ ఇచ్చినవాళ్ళ గురించి. "సతి", అంటే భార్య, అన్న మాట తర్వాత రాయి విరిగింది. ఆమె పేరు రెండో ముక్కలో ఉండాలి. అది ఎక్కడ పడేశారో ఆవిడ భర్తకు గుర్తులేదట.