పప్పు కట్టులో కాదు, బలం పప్పులో ఉంది

పిల్లల ఓపీలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆరు నెలలు దాటిన బిడ్డని ఎత్తుకుని వచ్చే తల్లులు చాలామంది చెప్పేది ఒకటే. "మేడం, అన్నీ పెడుతున్నాం, బరువు మాత్రం పెరగట్లేదు." అన్నీ అంటే ఏమేం పెడుతున్నారమ్మా అని అడిగితే వరసగా చెప్తారు: పప్పు కట్టు, అన్నం వార్చిన గంజి, పల్చటి రాగి జావ, క్యారెట్ ఉడికించిన నీళ్లు. బిడ్డ కడుపులోకి వెళ్తున్నవన్నీ నీళ్లే.

అపోహ: పసిబిడ్డకి పల్చగా ఇస్తేనే అరుగుతుంది, సారమంతా ఆ నీళ్లలోకే దిగుతుంది.

దిగదు. పప్పు ఉడికినా ప్రోటీన్, పిండిపదార్థం చాలావరకు గింజలోనే ఉండిపోతాయి. పైన తేరిన కట్టులో ఉండేది ఎక్కువగా నీళ్లు, కాస్త రుచి. మనమేమో గట్టి పప్పు పెద్దవాళ్లకి వడ్డించి, ఆ తేట బిడ్డకి పోస్తున్నాం.

ఒక్కసారి లెక్క చూడండి. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకి పట్టేది సుమారు 200 మి.లీ. తల్లిపాలు 200 మి.లీ. తాగితే 130 కేలరీల పైనే అందుతాయి. అదే గ్లాసుడు నీళ్లలో ఒక పెద్ద చెంచా, అంటే 10 గ్రాముల రాగిపిండి కలిపి కాస్తే వచ్చేది 30 కేలరీల చిల్లర. కడుపు నిండుతుంది కాబట్టి బిడ్డ పాలు కూడా తగ్గిస్తుంది. అంటే మంచి ఆహారాన్ని పక్కకి నెట్టి నీళ్లు పోశామన్నమాట. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలకి తోడు ఆహారం నుంచి రోజుకి దాదాపు 200 కేలరీలు కావాలి, తొమ్మిది నెలల నుంచి దాదాపు 300. జావతో అవి ఎప్పటికి అందుతాయి?

నరసరావుపేట వైపు పల్లె నుంచి ఒక నాయనమ్మ మనవరాలిని తీసుకొచ్చారు. పాపకి తొమ్మిది నెలలు. కార్డులో బరువు గీత ఆరో నెల దాకా చక్కగా ఎక్కి, ఆపైన అడ్డంగా పడుకుంది. ఆవిడ సంచిలో ఫ్లాస్కు ఉంది, అందులో పొద్దున్న కాచిన జావ. పాలసీసాలో దిగాలని పీక రంధ్రం కూడా పెద్దది చేశారు. "చిన్న గొంతు కదమ్మా, గట్టిది పెడితే అడ్డుపడదూ?" అన్నారు. ఆ మాట విన్నాక ఆవిడ మీద ఎవరికైనా కోపం వస్తుందా? నెలల తరబడి తెల్లవారుజామునే లేచి ఓపిగ్గా కాచి పట్టిన మనిషి. ఆవిడకి ఎవరూ తేడా చెప్పలేదు, అంతే. బిడ్డ తిండి మెత్తగా ఉండాలి, పల్చగా కాదు. గొంతుకి అడ్డుపడేవి గింజలు, గట్టి ముక్కలు, వేరుశనగ పలుకులు, ద్రాక్ష పళ్లు. వేళ్లతో మెదిపిన పప్పన్నం అడ్డుపడదు. అక్కడే క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించి, కాస్త పాలతో మెదిపి పెట్టమన్నాను. పాప నోరు తెరిచి మళ్లీ మళ్లీ అడిగింది.

గుర్తు సులువు: చెంచాని పక్కకి వంచితే తిండి జారిపోకూడదు. జారిందంటే ఇంకా చిక్కబడాలి.

మన ఇంటి ఉగ్గు పొడి మంచిదే. మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పెసరపప్పు దోరగా వేయించి, రవ్వలా పట్టించి, చిక్కగా ఉడికించండి. దించాక ఒక చిన్న చెంచా నెయ్యి వేస్తే 45 కేలరీలు కలిసినట్టే. మరీ ముద్దగా ఉండి బిడ్డ మింగట్లేదంటే నీళ్లు పోయకండి. మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పొడి అర చెంచా, గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపండి. మొలకల్లోని ఎంజైమ్ పిండిని విడగొడుతుంది కాబట్టి కొద్ది నిమిషాల్లోనే ముద్ద వదులవుతుంది, కేలరీలు ఎక్కడికీ పోవు. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టండి. ఆ పొడి కోసం రాగుల్ని ఎర్రగా వేయించొద్దు, వేయిస్తే ఆ గుణం పోతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గుడ్డు వేడి చేస్తుంది, అరటిపండు జలుబు చేస్తుంది అన్నవి రెండూ తప్పే. ఆరు నెలలు నిండాక బాగా ఉడికిన గుడ్డు పెట్టొచ్చు. ఐరన్‌కి పప్పు, ఆకుకూరతో పాటు గుడ్డు, వారానికోసారి మెదిపిన కోడి కార్జం మంచివి. వేరుశనగ ఆలస్యం చేస్తే అలర్జీ రాదనుకోవడమూ పొరపాటే. వేరుశనగ అలర్జీ మీద లండన్‌లో జరిగిన లీప్ అనే పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. ముప్పు ఎక్కువున్న పసివాళ్లలో కూడా తొందరగా మొదలుపెడితే వేరుశనగ అలర్జీ బాగా తగ్గిందని తేలింది. మెత్తటి పొడిగానో ముద్దగానో కలపండి, పలుకులుగా వద్దు. ఒంటి మీద తీవ్రమైన ఎగ్జిమా (దురద పెట్టే చర్మపు మంట) ఉన్నా, గుడ్డు అలర్జీ ఉన్నా ముందు డాక్టర్ని అడగండి. ఏడాది లోపు ఉప్పు, పంచదార అక్కర్లేదు, తేనె అసలే వద్దు. ఆముదం తాగించడం ఎవరు చెప్పినా వినకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిన పిల్లల్ని చూశాను. మిక్సీలో వేసి మెత్తగా పేస్టు చేయడం ఎనిమిదో నెల దాటాక మానండి, నోటికి కాస్త బరకగా తగలకపోతే నమలడం అలవాటు కాదు.

విరేచనాలప్పుడు పొట్ట మాడ్చడం మాత్రం గబగబా దాటేసేది కాదు. "లోపలికి ఏం పోసినా బయటికే పోతోంది" అని తిండి ఆపేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది. ఓఆర్‌ఎస్, డాక్టర్ రాసిన జింక్, తల్లిపాలు, మామూలు తిండి, నాలుగూ సాగాలి. ఒక్కోసారి కొంచెమే అయినా ఎక్కువసార్లు పెట్టండి. తగ్గాక రెండు వారాల పాటు రోజుకి ఒక పూట అదనంగా పెట్టండి.

కాచినది ఫ్లాస్కులో పొయ్యొద్దు, వెచ్చగా ఉంటే క్రిములు పెరుగుతాయి. పూటకి పూట వండండి, లేదంటే రెండు గంటల్లోపు పెట్టేయండి. నెలకోసారి అంగన్‌వాడీలో బరువు తూయించి కార్డులో గీత గీయించుకోండి. తిండి చిక్కబరిచాక కూడా మరుసటి నెలకి గీత లేవకపోతే ఇంట్లో వంట మార్చుకుంటూ కూర్చోకండి. రక్తహీనత ఉందేమో, వేరే జబ్బేదైనా ఉందేమో పిల్లల డాక్టర్ చూడాలి.