అసకుసా వెళ్లే పిల్లలకు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. సెలవుల్లో టోక్యో వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఎత్తైన టవర్లు ఎలాగూ చూస్తారు. ఒక పూట మాత్రం అసకుసాకు కేటాయించండి. అక్కడి సెన్సోజీ టోక్యోలో అన్నిటికన్నా పాత ఆలయం.

క్రీ.శ. 628లో సుమిదా నదిలో వల వేసిన ఇద్దరు అన్నదమ్ములకు ఒక విగ్రహం దొరికిందని స్థలపురాణం. హమనారి, తకెనారి వాళ్ల పేర్లు. అది కన్నోన్ విగ్రహమని గుర్తించిన ఊరిపెద్ద తన ఇంటినే గుడిగా మార్చేశాడట. కన్నోన్ అంటే మన దేశం నుంచి చైనా మీదుగా అక్కడికి చేరిన అవలోకితేశ్వరుడే, బౌద్ధులు కొలిచే కరుణామూర్తి. ఆ మూలవిగ్రహాన్ని ఎవరికీ చూపించరు. అయినా జనం బారులు తీరి వచ్చి దండం పెట్టుకుంటారు. నాకు ఆ గుడిలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ముందుగా కమినారిమోన్ అనే ద్వారం వస్తుంది. కుడివైపు వాయుదేవుడు, ఎడమవైపు ఉరుముల దేవుడు కాపలా ఉంటారు. మధ్యలో వేలాడే ఎర్ర కాగితపు లాంతరు ఎత్తు 3.9 మీటర్లు, బరువు 700 కిలోలు. దాని కిందికి వెళ్లి తలెత్తి చూడండి, అడుగున చెక్కిన డ్రాగన్ కనిపిస్తుంది. చాలామంది ఫొటో తీసుకుని, దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. 1865లో కాలిపోయిన ఈ ద్వారాన్ని 1960లో పానసోనిక్ స్థాపకుడు కొనొసుకే మత్సుషితా కట్టించి ఇచ్చాడు. జబ్బు నయమైనందుకు ఆయన చెల్లించుకున్న మొక్కు అది.

ద్వారం దాటితే నకమిసే వీధి, సుమారు 250 మీటర్ల పొడవునా చిన్న చిన్న దుకాణాలు. కమినారి ఒకోషి కొనుక్కోండి, అది మన మరమరాల ఉండకు దగ్గరి చుట్టం. అయితే నడుస్తూ తినకండి, కొన్న చోటే నిలబడి తినడం అక్కడి మర్యాద.

ఇప్పుడు అసలు విషయం. మీరు చూసే ప్రధానాలయం 1958లో కాంక్రీటుతో కట్టింది. అంతకు ముందున్నది 1649 నాటి చెక్క మందిరం. 1923 నాటి మహా భూకంపాన్ని తట్టుకున్న ఆ మందిరం 1945 మార్చి 10న అమెరికా బాంబుల మంటల్లో బూడిదైంది. ఆ ఒక్క రాత్రే టోక్యోలో సుమారు లక్ష మంది చనిపోయారు. యుద్ధం ముగిశాక తిండికే కటకటలాడిన జనం చందాలు పోగుచేసి గుడిని మళ్లీ నిలబెట్టుకున్నారు. “అయితే ఇది పాత గుడి కాదుగా?” అని మీలో ఎవరో అడుగుతారని నాకు తెలుసు. జవాబు మీరే ఆలోచించండి. దానికి ముందు ప్రాంగణంలోని గింకో చెట్ల దగ్గరకు వెళ్లండి. ఆనాడు కాలిన మచ్చలు మానుమీద ఇంకా ఉన్నాయి, పైన కొమ్మలు పచ్చగా చిగురించాయి. ఆ నల్లటి చోట చేయి పెట్టవద్దు, చూస్తే చాలు.

జాతకం చీటీ తీయాలని మీకు సరదా పుడుతుంది. 100 యెన్లు వేసి, డబ్బా ఊపి, బయటికొచ్చిన పుల్ల మీది అంకె ఉన్న సొరుగులోంచి కాగితం తీసుకోవాలి. చెడు రాసి ఉంటే బెంగపడకండి. పక్కనున్న కడ్డీకి ముడివేసి వచ్చేయండి.

బౌద్ధాలయమైన సెన్సోజీలో చప్పట్లు కొట్టకూడదు, చేతులు జోడించి తల వంచితే చాలు. పక్కనే ఉన్న అసకుసా మందిరం జపాన్ సొంత మతమైన షింతో వాళ్లది. అక్కడ రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. ఆ అన్నదమ్ములనూ ఊరిపెద్దనూ అక్కడే దేవుళ్లుగా కొలుస్తారు. తప్పకుండా వెళ్లండి. ఉదయం ఎనిమిదికల్లా చేరుకుంటే రద్దీ ఉండదు, తిరిగి వచ్చేసరికి దుకాణాలూ తెరుస్తారు.

మీ తాతయ్య